మన్ను బాట మీది మోటారు సైకిలు: కొనవలెనా, మానవలెనా?



ఈ పత్రికలో మేము సాధారణముగా పిల్లల చదువు గురించో, పెండ్లి ఖర్చుల గురించో వ్రాస్తుంటాము. ఈసారి ఒక మోటారు సైకిలు గురించి వ్రాయబోతున్నాము. నవ్వకండి. గత నవంబరు నుండి మా ఇంట్లో ఇంతగా చర్చ జరిగిన విషయము మరొకటి లేదు. అరవై అయిదేండ్ల రిటైర్డు మాష్టారు, సంఘ పెద్ద, మోకాళ్ళ నొప్పికి రాత్రిపూట నూనె రాసుకునే మనిషి, కొండల్లో మన్ను బాటల మీద సరదాగా తిరగడానికి ఒక బండి కొనవచ్చునా అన్నది ప్రశ్న. పైకి చిన్న ప్రశ్న. లోపలికి దిగితే, మనము సంపాదించిన డబ్బు మీద మనకు ఎంత హక్కు ఉన్నది, మన ప్రాణము ఎవరిది, ఒక దారి ఎవరిది అనే ప్రశ్నలు దానిలోనే ఉన్నాయి.

మేము ఉండేది కోరాపుట్ జిల్లాలో, సిమిలిగుడ దగ్గర. మా తాతగారు సాలూరు నుండి కొండ ఎక్కి వచ్చిన రోజుల్లో ఇదంతా మద్రాసు రాజధానిలో విశాఖపట్నము జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు ఇటు కలిసింది. కనుక మేము వలస వచ్చామో, సరిహద్దే మా మీదుగా జరిగిపోయిందో చెప్పడము కష్టము. అది వేరే కథ. మా ఇంటి నుండి చూస్తే దేవమాలి కొండ కనబడుతుంది. 1672 మీటర్ల ఎత్తు, ఈ రాష్ట్రములో అన్నిటికంటె ఎత్తయినది. ముప్పది ఆరేండ్లు ఈ కొండల నడుమ పాఠము చెప్పి, జనాభా లెక్కలకూ, ఎన్నికల డ్యూటీకీ కాలినడకనా సైకిలు మీదా తిరిగాము. అప్పుడు తిరగడము ఉద్యోగము. ఇప్పుడు తిరగాలనిపించడము కోరిక. ఆ తేడా మమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టింది.

బండి సంగతి తెలియనివారి కొరకు రెండు మాటలు. డ్యూయల్ స్పోర్ట్ అంటే తారు రోడ్డు మీదా, మన్ను బాట మీదా రెండు చోట్లా నడవడానికి చేసిన మోటారు సైకిలు. 1968లో యమహావారు డీటీ-1 అనే 250 సీసీ బండిని తెచ్చిన తరువాత ఈ రకము ప్రపంచములో బాగా వ్యాపించింది. మన దేశములో 2011లో హీరో ఇంపల్స్ వచ్చి ఎక్కువ కాలము నిలువలేదు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక కుర్రవాళ్ళకు దీని రుచి తెలిసింది. మా మేనల్లుడు 2021లో కొన్నది ఎక్స్‌పల్స్. ముందు చక్రము 21 అంగుళాలు, వెనుకది 18. పెద్ద చక్రము గుంతలో దిగకుండా దాని అంచు మీదుగా దొర్లిపోతుంది. బండి అడుగు భాగము నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. మా పాత స్ప్లెండరుకు 165 మాత్రమే. ముందు ఫోర్కులు 190 మిల్లీమీటర్లు కిందికీ పైకీ ఆడతాయి. రాయి మీద ఎక్కినప్పుడు ఆ దెబ్బ ఫోర్కులు మింగుతాయి గాని మన నడుముకు రాదు. ఏబీఎస్ ముందు చక్రానికే ఉన్నది, వెనుక చక్రానికి లేదు. ఇది లోపమనుకున్నాము. కాదట. వదులు మట్టిలో వెనుక చక్రము బిగిసి ఈడ్చుకుపోతేనే దాని ముందు మట్టి పేరుకొని బండి ఆగుతుందట. లాంగ్ జంపులో పిల్లవాడు ఇసుకలో మడమ దించి ఆగినట్లు. ముప్పది ఏండ్లు ఆటల పీరియడ్ చూసిన మాకు ఆ మాట వెంటనే ఎక్కింది.

నిరుడు నవంబరులో వలిసె పూలు విరగబూసి కొండ వాలులన్నీ పసుపుపచ్చగా ఉన్న ఒక శనివారము ఉదయము మేనల్లుడు వచ్చి, "మావయ్యా, ఒక్కసారి ఎక్కి చూడండి" అన్నాడు. సీటు ఎత్తు 823 మిల్లీమీటర్లు. మా ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. కాలి వేళ్ళు మాత్రమే నేలకు ఆనాయి. అయినా ఎక్కాము. ఊరు దాటి, చెరువు గట్టు మీదుగా ఎర్రమన్ను బాట పట్టాము. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్ళు కొద్దిగా వంచి నడపమన్నాడు. నిలబడ్డాము. ప్రియులారా, ఏమని చెప్పము! పదేండ్లుగా మా ఒంట్లో లేని తేలిక ఆ అరగంటలో వచ్చింది. ఇంటికి వచ్చి కాఫీ తాగుతూ, "మనమూ ఒకటి కొందామా?" అన్నాము.

మా ఇంటావిడ గ్లాసు కింద పెట్టి, "ఏమండీ, మీ మోకాళ్ళను అడిగారా?" అన్నది.

చర్చ అక్కడ మొదలయింది.

మొదటి ప్రశ్న డబ్బు. రోడ్డు మీదికి వచ్చేసరికి బండి లక్షన్నర దాటుతుంది. హెల్మెట్టు, బూట్లు, మోకాలి కవచాలు వేరు. మా దగ్గర ఆ డబ్బు ఉన్నది, అప్పు చేయనక్కరలేదు. మేనల్లుడు ఇంకొక వాదము కూడా తెచ్చాడు. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, ఆ పైవాటికి 40 శాతము చేశారు. "చూశారా మావయ్యా, 452 సీసీ హిమాలయన్ అయితే విలాసము గాని, ఇది కాదని ప్రభుత్వమే చెప్తోంది" అన్నాడు. మంచి లాయరు కావలసినవాడు. పన్ను వేసేవాడు ఇంజను కొలుస్తాడు. కొనేవాడి కోరిక ఎన్ని సీసీలో ఆయన పట్టికలో ఉండదు.

1972లో పీటర్ సింగర్ అనే ఆస్ట్రేలియా దేశపు తత్వవేత్త ఒక వ్యాసము ప్రచురించాడు. తూర్పు బెంగాలు కాందిశీకులు లక్షలాదిగా మన దేశములోనికి వచ్చిన కాలములో వ్రాసినది. అందులో ఒక ఉపమానము ఉన్నది. లోతు లేని గుంటలో ఒక పసివాడు మునిగిపోతున్నాడు. నీవు దిగి తీస్తే నీ బట్టలు బురద అవుతాయి, అంతే. తీయవా? అందరమూ తీస్తామంటాము. అలాగైతే, కంటికి కనబడనంత దూరములో ఆకలితో ఉన్నవాడికి కూడా నీ అనవసరపు ఖర్చు మాని ఎందుకు సహాయము చేయవు? దూరము వలన బాధ్యత తగ్గుతుందా? ఇది ఆయన ప్రశ్న.

ఈ వాదమును పూర్తిగా ఒప్పుకుంటే బండే కాదు, సాయంత్రపు కాఫీ కూడా పోతుంది. పండుగ చీర పోతుంది, అరకు రైలు ప్రయాణము పోతుంది. అంత కఠినముగా ఎవరూ బ్రతకలేరు గనుక ఈ వాదము పనికిరాదని కొందరంటారు. మాకు ఆ జవాబు నచ్చలేదు. "అందరూ చూసి వ్రాస్తున్నారు గనుక నేను వ్రాస్తే తప్పేమిటి" అని పరీక్ష హాలులో పట్టుబడిన కుర్రవాడు అన్న మాట మాకు జ్ఞాపకము. మేము కాఫీ మానలేకపోవడము, లక్షన్నర ఖర్చుకు అనుమతి పత్రము కాదు. చిన్న బలహీనతను చూపి పెద్దదానికి దారి చేసుకోరాదు.

పైగా మా విషయములో గుంటలో ఉన్న బిడ్డ దూరదేశములో లేదు. మా ఇంటావిడ అక్కగారి మనుమరాలు నర్సింగు చదువుతోంది. రెండవ సంవత్సరము ఫీజు సగము కట్టి సగము ఆగిపోయింది. వాళ్ళు మమ్మల్ని అడగలేదు. అడగలేదు గనుక మాకు తెలియనట్లే ఉన్నాము. బండి లెక్క కాగితము మీద వేసిన రోజు రాత్రి మా ఇంటావిడ ఏమీ అనకుండా ఆ పిల్ల ఫీజు మొత్తము అదే కాగితము అడుగున వ్రాసి పెట్టింది. ఉదయము చూశాము. ఆ కాగితము ఇంకా మా డైరీలో ఉన్నది.

ఐతే ఇక్కడ ఇంకొక మాట కూడా చెప్పాలి. సంతోషము కొరకు ఖర్చు చేయడమే పాపమన్నట్లు మన ఇండ్లలో పిల్లలను పెంచుతాము. మా నాన్నగారు అరవై ఏండ్లు బ్రతికి, ఒక్కసారి కూడా తన కొరకు ఏదీ కొనుక్కోలేదు. ఆ సంగతి మేము గర్వముగా చెప్పుకునేవాళ్ళము. ఇప్పుడు తలచుకుంటే గర్వముతో పాటు కొంచెము దిగులు కూడా కలుగుతుంది. ఆయన కొనుక్కోని డబ్బు అంతా మంచి పనికే పోయిందా అంటే, చాలా భాగము కోర్టు ఖర్చులకు పోయింది. కోరిక చంపుకోవడము వేరు, డబ్బు సద్వినియోగము చేయడము వేరు. మొదటిది చేసినవాడు రెండవది కూడా చేసినట్లే అనుకోవడము మన పొరపాటు.

రెండవది ప్రాణము సంగతి. 1859లో జాన్ స్టువర్ట్ మిల్ తన 'ఆన్ లిబర్టీ' గ్రంథములో, ఇతరులకు హాని లేనంతవరకు మనిషిని అతని ఇష్టానికి వదలాలని వాదించాడు. మేము పడితే మా ఎముక విరుగుతుంది, నీకేమి అని మా ఇంటావిడతో అన్నాము. "మంచము మీద ఉంటే బెడ్‌పాన్ పెట్టేది మిల్లు దొరగారా?" అని అడిగింది. (మిల్లు ఎవరో మేమే చెప్పి ఉంటిమి. చెప్పకుండా ఉండవలసినది.) అరవై దాటినవాడి తుంటి విరిగితే అది ఇంటిల్లిపాది విరిగినట్లే. కుటుంబము ఉన్నవాడికి కేవలము తన సొంత ప్రమాదము అనేది చాలా తక్కువ.

డిసెంబరులో ఒకసారి పడ్డాము కూడా. వేగము లేదు, నిలబెట్టబోయి కాలు అందక పక్కకు ఒరిగాము. దెబ్బ తగలలేదు. కాని బండి బరువు 157 కిలోలు. స్ప్లెండరు 112. హ్యాండిలు ఒక పక్కకు పూర్తిగా తిప్పి, సీటుకు నడుము ఆనించి, వెనక్కు నడుస్తూ కాళ్ళ బలముతో లేపాలని మేనల్లుడు నేర్పాడు. మూడుసార్లు ప్రయత్నించినా మా వల్ల కాలేదు. వాడే లేపాడు. పడిన బండిని లేపలేనివాడు ఒంటరిగా కొండకు పోరాదని ఆ రోజే నిర్ణయము చేసుకున్నాము. అరవై అయిదేండ్లకు లైసెన్సు రెన్యూవలుకు పోతే అయిదేండ్లకే ఇస్తారు, డాక్టరు సర్టిఫికెట్టు అడుగుతారు. అప్పుడు అవమానముగా తోచింది. ఇప్పుడు సబబే అనిపిస్తోంది.

మూడవది సంఘము మాట. సంఘ పెద్ద మోటారు సైకిలు కొంటే తప్పేమీ లేదు. కాని మన యౌవనస్థులు చూస్తారు. మేము దాచుకున్న డబ్బుతో కొన్నది వాళ్ళు చూడరు, కొన్నది మాత్రమే చూస్తారు. "మాష్టారే కొన్నారు కదా" అని తండ్రి చేత కంతుల మీద బండి కొనిపించే కుర్రవాడు మన ప్రతి సంఘములోనూ ఉన్నాడు. పద్దెనిమిది నిండని కుర్రవాడి చేతికి ఇటువంటి బండి ఇస్తే 2019 సవరణ ప్రకారము తండ్రికి పాతిక వేల జరిమానా, మూడేండ్ల వరకు జైలు. ఇతరుల బుద్ధిహీనతకు మేమెందుకు జవాబుదారీ అని కొన్నాళ్ళు వాదించుకున్నాము. ఈ ప్రశ్న మాకు ఇంకా పూర్తిగా తేలలేదు. ఇతరులేమనుకుంటారో అని భయపడి మంచి పని మానినవాళ్ళనూ చూశాము.

ఈ మూడిటికీ ఏదో ఒక సమాధానము చెప్పుకొని, జనవరిలో కొనడానికే సిద్ధపడ్డాము. ఆ తరువాత జరిగిన ఒక చిన్న సంగతి మమ్మల్ని ఆపింది.

సంక్రాంతి తరువాత ఒక మంగళవారము పొట్టంగి వైపు కొండ వాలున ఒక కాలిబాట మీద వెళ్తున్నాము. ముందు మేము, వెనుక మరొక బండి మీద మేనల్లుడు. బాట వెడల్పు రెండు అడుగులు కూడా లేదు. ఒక వైపు గట్టు, ఒక వైపు కోత అయిన చోడి చేను, నాలుగడుగుల పల్లములో. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక పరజా స్త్రీ. నెత్తిన కట్టెల మోపు, వెనుక ఎనిమిదేండ్ల పిల్ల. బండి శబ్దానికి ఆమె అప్పటికే నిలబడిపోయింది. మేము బ్రేకు వేసే లోపలే, ఆ మోపుతోనే పక్కకు తిరిగి, పల్లములోని చేనులోనికి దిగింది. కాలు జారి మోకాలి మీద కూర్చున్నది. మోపు మాత్రము పడనియ్యలేదు. పిల్ల కూడా దిగింది. ఇద్దరూ తల వంచుకొని మేము పోయేవరకు చూస్తూ నిలబడ్డారు.

ఆమె తిట్టి ఉంటే మాకు బాగుండేది. బండి దిగి, వచ్చీరాని దేశియా మాటలో తప్పయిందని చెప్పాము. ఆమెకు ఎందుకు చెప్తున్నామో అర్థము కానట్లు చూసింది. బండి వస్తే మనిషి దిగాలి, అదే ఆమె ఎరిగిన న్యాయము. అది సంత రోజట. ఆ బాట ఆమె ఊరికి రోడ్డు. మా స్కూలు భాషలో చెప్పాలంటే, ఆమెకు అది జాతీయ రహదారి, మాకు ఆటస్థలము. 2000 డిసెంబరులో మొదలయిన గ్రామ సడక్ యోజన కింద ఈ జిల్లాలో ఎన్నో ఊళ్ళకు రోడ్లు పడ్డాయి. అయినా చేలకూ అడవికీ సంతకూ అడ్డదారి ఇంకా ఈ కాలిబాటలే. వందల ఏండ్లుగా పాదాలు త్రొక్కి చేసిన దారి అది. ఆ పాదాలకు కాస్త మెత్తగా, వాలుకు కాస్త అడ్డముగా పోతుంది. దాని మీద గళ్ళ టైరు తిప్పితే మన్ను లేస్తుంది, వాన నీరు ఆ చాలులో చేరి కాలువ కడుతుంది, రెండు వర్షాకాలాలకు దారి గండిపడుతుంది. దేవమాలి పచ్చిక మీద బండ్లు ఎక్కించి ఫోటోలు తీసుకునే పిల్లలను మేము ఎన్నోసార్లు విసుక్కున్నాము. మా టైరు గుర్తు ఎలాగున్నదో ఆ రోజు వెనక్కు తిరిగి చూశాము.

కొందరు అడుగవచ్చు: టీవీఎస్ ఎక్సెల్ మీద రెండు బస్తాలు వేసుకొని అదే బాటల మీద రోజూ పోయే వర్తకుడి సంగతేమిటి? ఆయనకూ చక్రాలున్నాయి కదా. ఉన్నాయి. కాని ఆయన ఆమె బియ్యము మోసుకొని పోతున్నాడు. ఆమెను చూస్తే ఇంజను ఆపి పలకరిస్తాడు, పేరు పెట్టి పిలుస్తాడు. దారి వాడుకునే హక్కు దారిన పోయేవాళ్ళతో మనకున్న సంబంధమును బట్టి కొంత వస్తుందేమో అని మా అభిప్రాయము. చట్టము ఇలాగు చెప్పదు. అభయారణ్యములోనికి అనుమతి లేకుండా పోరాదని 1972 వన్యప్రాణి చట్టము చెప్తుంది గాని, చోడి చేను గట్టు గురించి ఏ చట్టములోనూ లేదు.

తరువాత మేము ఒక పని చేశాము. ఉపాధ్యాయుని బుద్ధి పోదు గనుక ఒక నోటు పుస్తకము పెట్టాము. మేనల్లుడి బండి మీద పోయిన ప్రతిసారీ ఎక్కడికి పోయినది, స్ప్లెండరు మీద పోగలిగేవాళ్ళమా, ఎవరైనా మా కొరకు దారి తప్పుకున్నారా అని మూడు గడులు గీసి వ్రాశాము. మే నెలాఖరుకు పదకొండు ప్రయాణాలు. ఎనిమిది స్ప్లెండరు మీద హాయిగా పోగలిగినవే, కాస్త నడుము నొప్పితో. రెండు చోట్ల ఆ బండి మీద కూడా పోలేక దిగి నడిచాము. నిజముగా ఆ బండి మాత్రమే పోగలిగినది ఒక్కటి, కొలాబు రిజర్వాయరు ఒడ్డున, నీరు తీసిన తరువాత బయటపడిన పాత బండ్ల దారి. అక్కడ మనుష్యులు లేరు, చేను లేదు, గట్టు లేదు. ఎండిన బురద మీద రెండు గంటలు తిరిగాము. ఆ రోజు గడిలో వ్యాఖ్య వ్రాయడానికి స్థలము చాలక వెనుక పేజీ వాడుకున్నాము.

కనుక పదకొండింటిలో ఒకటి. ఆ ఒక్కటి కొరకు లక్షన్నరా అని అడిగితే లెక్క కాదనే చెప్తుంది. ఆ ఒక్కటీ అక్కరలేదా అంటే మా మనస్సు ఒప్పుకోదు. రెండూ నిజమే. కొనడమూ అనుభవించడమూ ఒకటేనని మేము మొదటినుండి ఎందుకనుకున్నామో తెలియదు. మా చిన్నతనములో వీధికంతా ఒక్క సైకిలు, ఒక్క రేడియో ఉండేవి. అవి మావి కావని ఎన్నడూ తోచలేదు.

జూన్‌లో మేనల్లుడితో ఒప్పందము చేసుకున్నాము. బండి వాడిదే. గొలుసు, టైర్లు, ఆయిలు ఖర్చులో సగము మాది. నెలకు రెండు శనివారాలు మావి, వాడు వెంట ఉంటేనే. చేల గట్ల మీది కాలిబాటలకు పోము. బండ్లు నడిచే మన్ను రోడ్లు, రిజర్వాయరు ఒడ్డు, పాత క్వారీ దారి, అంతే. మనిషి ఎదురైతే ఇంజను ఆపి మేమే పక్కకు దిగాలి. యజమానికి తప్పనిసరిగా ఉండే పదిహేను లక్షల ప్రమాద బీమా అరువు తెచ్చుకుని నడిపేవాడికి వర్తించదు గనుక మా పేరున వేరే పాలసీ తీసుకున్నాము. మా ఇంటావిడ అన్నీ విని, "సంత రోజు వద్దు" అని ఒక్కటే షరతు కలిపింది. నర్సింగు ఫీజు జూలైలో కట్టాము. బండి కొని ఉంటే కట్టేవాళ్ళమా? కట్టేవాళ్ళమని చెప్పుకోవడము సులభము.

మొన్నటి శనివారము క్వారీ దారిన పోతుంటే మేకలతో ఒక ముసలాయన ఎదురయ్యాడు. ఇంజను ఆపి పక్కకు దిగాము. ఆయన మేకలను పోనిచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఎంతయిందని అడిగాడు. మాది కాదని చెప్పాము. ఎక్కడికి పోతున్నారని అడిగాడు. ఎక్కడికీ కాదన్నాము. ఆయన నోట్లో పళ్ళు లేవు, చాలాసేపు నవ్వాడు. మేకలు చాలా దూరము పోయాయి, ఆయన ఇంకా మా వైపు తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాడు.